నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో సంగీత చిహ్నాలు

పాటను కంప్యూటర్ తెర మీద రాసి, దిద్ది, అచ్చుకు సిద్ధం చేసుకోవడానికి వాడే ప్రోగ్రాములను నొటేషన్ సాఫ్ట్‌వేర్ అంటారు. మ్యూజ్‌స్కోర్, సిబేలియస్, డోరికో, లిలీపాండ్ వీటిలో పేరున్నవి. స్వరం ఏ ఎత్తున పలికింది, ఎంతసేపు నిలిచింది అనే రెండు సంగతులు నమోదైతే పాట చట్రం సిద్ధమవుతుంది. ఊపు, జారు, నొక్కు, విరామం, తాళ విభాగం, నడక వంటివన్నీ ఆ చట్రం మీద చిహ్నాలుగా వచ్చి చేరతాయి. పాడేవారికీ వాయించేవారికీ పాట ప్రాణం చాలాసార్లు ఆ చిహ్నాల్లోనే ఉంటుంది.

ఈ ప్రోగ్రాములన్నీ పాశ్చాత్యుల అయిదు గీతల స్టాఫ్ నొటేషన్ కోసం పుట్టాయి. తెలుగువారు స్వరాన్ని స, రి, గ, మ అని అక్షరాలతోనే రాసుకుంటారు. అందుకే తెలుగు పాట రాయదలచినవారికి రెండు దారులున్నాయి. పాటను స్టాఫ్ మీదికి మార్చి కింద తెలుగు సాహిత్యం పెట్టుకోవడం ఒకటి, తెలుగు స్వరాక్షరాలనే ఉంచి వాటికి కావలసిన చుక్కలు, గీతలు, గమక (ఊపు, జారు వంటి స్వర కదలికల) చిహ్నాలు చేర్చుకోవడం మరొకటి. ఏ దారిన వెళ్లినా ఒకే ప్రశ్న ఎదురవుతుంది: చేర్చిన గుర్తు కంప్యూటర్‌కు ఒట్టి బొమ్మగా తెలుసా, ఫలానా స్వరానికి చెందిన సంగీత లక్షణంగా తెలుసా? ఈ తేడా తొలి రోజున కనబడదు. పాటను మరో షడ్జానికి మార్చినప్పుడు, పుట వెడల్పు తగ్గించినప్పుడు, ఫైలును మరొకరికి పంపినప్పుడు బయటపడుతుంది.

తెలుగు అచ్చులో గమక చిహ్నాలు

ఈ ప్రశ్నను కంప్యూటర్లు రాకముందే, సీసపు అక్షరాల కాలంలోనే ఎదుర్కొన్న మహాగ్రంథం తెలుగు లిపిలో ఉంది. సుబ్బరామ దీక్షితులు (1839–1906) రచించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయపురం సంస్థానం పోషణలో విద్యావిలాసిని ముద్రాక్షరశాలలో అచ్చయింది. ఎట్టయపురం తమిళసీమలోనిది. అయినా గ్రంథం తెలుగు లిపిలోనే వెలువడింది. ఆ కాలపు దక్షిణాది సంగీత విద్వాంసులకు తెలుగు చదువుకున్న లిపి, పాడుకున్న భాష. సుమారు 1700 పుటల ఆ గ్రంథంలో 72 మేళాల క్రమంలో ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229, వాటితోపాటు గీతాలు, తానాలు, సంచారులు స్వరసహితంగా ఉన్నాయి.

అంతకుముందే తచ్చూరు సింగరాచార్యుల సోదరులు మద్రాసు నుంచి స్వరసహితమైన తెలుగు సంగీత పుస్తకాలను వరుసగా వెలువరించారు. వాటితో పోలిస్తే సుబ్బరామ దీక్షితుల పుస్తకంలో కొత్తదనం గమకాలకు విడివిడి చిహ్నాలు పెట్టడం. కంపితానికి అలలాంటి గీత (~), స్ఫురితానికి కింద రెండు, పైన ఒకటిగా మూడు చుక్కలు (∴), ప్రత్యాహతానికి అదే తలకిందులుగా (∵), రవకు పైకి మొన తిరిగిన గుర్తు (^), ఖండింపుకు టిక్కు (✓), వళికి విల్లులాంటి వంపు (⌒), ఏట్రజారుకు పైకెక్కే వాలుగీత (/), ఇరక్కజారుకు దిగే వాలుగీత (\), ఒడుక్కల్‌కు అడ్డంగా కోసుకున్న రెండు గీతలు (×). నొక్కు, ఒరికై అనేవాటికీ వేరు గుర్తులున్నాయి. ఆయన వైణికుడు. అందుకే ఈ చిహ్నాల వివరణ అంతా వీణ మెట్ల మీద వేలి కదలికగా సాగుతుంది: ఒకే మెట్టు మీద తీగను లాగి పై స్వరం పలికిస్తే ఒడుక్కల్, అవరోహణలో స్వరం విడిచేముందు పై స్వరాన్ని లిప్తపాటు తాకితే ఒరికై. చిహ్నం రూపం చిన్నదే, దాని వెనుక ఒక చేతి పని ఉంది.

ఈ గ్రంథం వెలుగు చూడడానికి పట్టుబట్టినవారిలో ముఖ్యుడు మద్రాసు సచివాలయ ఉద్యోగి ఎ.ఎం. చిన్నస్వామి మొదలియార్. ఆయన స్వయంగా మరో దారి పట్టారు. 1893లో ‘ఓరియంటల్ మ్యూజిక్ ఇన్ యూరోపియన్ నొటేషన్’ పేరుతో కర్ణాటక కృతులను స్టాఫ్ మీద అచ్చువేశారు. దానికి కావలసిన పాఠం కోసం సుబ్బరామ దీక్షితులనే ఆశ్రయించారు. ఒకే విద్వాంసుడి పాఠం ఒకచోట అయిదు గీతల మీద, మరోచోట గమక చిహ్నాలతో తెలుగు అక్షరాల్లో నిలిచింది. నేడు నొటేషన్ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్న తెలుగువాడికి ఎదురయ్యే రెండు దారులూ ఇవే. ఆ ఎంపిక వందేళ్ల పాతది.

తరువాత మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1961 నుంచి ప్రదర్శినిని తమిళ లిపిలో సంపుటాలుగా తెచ్చింది. తెలుగు మూలాన్ని ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ 1970లలో పునర్ముద్రించింది.

ఫాంటు నుంచి ప్రమాణం దాకా

సంగీత చిహ్నాలు కంప్యూటర్‌లోకి వచ్చిన తీరూ, తెలుగు అక్షరాలు వచ్చిన తీరూ అచ్చం ఒకటే. ఈ పోలికను పెద్దగా ఎవరూ పట్టించుకోరు గానీ, చిహ్నాల చేర్పులో వచ్చే తిప్పలు చాలావరకు దీనితో అర్థమవుతాయి. 1986లో అడోబ్ సంస్థ కోసం క్లియో హగిన్స్ రూపొందించిన సొనాటా ఫాంటులో ఇంగ్లీషు ‘క్యు’ నొక్కితే క్వార్టర్ నోటు, ‘బి’ నొక్కితే ఫ్లాట్ గుర్తు, ‘&’ నొక్కితే ట్రెబుల్ క్లెఫ్ వచ్చేవి. కంప్యూటర్ లోపల అవి ఇంగ్లీషు అక్షరాలే. పైన తొడిగిన రూపం మాత్రం సంగీతం. మన డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్‌తో వాడిన ‘అను’ ఫాంట్లదీ ఇదే పద్ధతి. తెర మీద చక్కటి తెలుగు, ఫైలు లోపల ఇంగ్లీషు అక్షరాల గందరగోళం. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిరాతలే మిగిలేవి. పాత తెలుగు సంగీత పాఠ్యపుస్తకాల ఫైళ్లు నేడు పనికిరాకుండా పోవడానికి పెద్ద కారణం ఇదే.

తెలుగుకు పరిష్కారం యూనికోడ్ రూపంలో వచ్చింది. 1991లో వెలువడిన తొలి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటు దక్కింది. సంగీత చిహ్నాలకు 2001లో వచ్చిన 3.1 వెర్షన్‌లో ఒక విభాగం ఏర్పడింది. అయితే వృత్తిగా స్కోర్లు అచ్చువేసేవారికి ఆ విభాగం చాలలేదు. దానితో 2013లో స్టైన్‌బర్గ్ సంస్థలో పనిచేస్తున్న డేనియల్ స్ప్రెడ్‌బరీ ‘స్టాండర్డ్ మ్యూజిక్ ఫాంట్ లేఅవుట్’ అనే ప్రమాణాన్ని, దానికి నమూనాగా బ్రవురా ఫాంటును విడుదల చేశారు. పొడి అక్షరాల్లో దీన్ని స్మఫుల్ అంటారు. యూనికోడ్‌లో ఎవరి సొంత అవసరాలకు వారు వాడుకొమ్మని ఖాళీగా వదిలిన భాగంలో రెండు వేలకు పైగా చిహ్నాలకు ఒక్కొక్క స్థానం, ఒక్కొక్క పేరు కేటాయించింది ఈ ప్రమాణం. 2015 నుంచి దీని నిర్వహణ వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం సంగీత బృందం చేతిలో ఉంది. మ్యూజ్‌స్కోర్ వాడే లీలాండ్ ఫాంటు కూడా దీన్నే అనుసరిస్తుంది. ఫాంటు మార్చినా చిహ్నం చెక్కుచెదరకపోవడానికి కారణం ఇదే.

స్మఫుల్‌లో పర్షియన్ సంగీతపు కొరోన్, సొరి గుర్తులున్నాయి, తుర్కీ స్వర భేదాల గుర్తులున్నాయి, భారతీయ చర్మవాద్యాల కోసం ఒక క్లెఫ్ కూడా ఉంది. సుబ్బరామ దీక్షితుల గమక చిహ్నాలకు మాత్రం అందులో విడి వర్గం లేదు. ఇది పూరించవలసిన లోటు. ఆ చిహ్నాలకు పేర్లున్నాయి, రూపాలున్నాయి, వందేళ్లకు పైబడిన అచ్చు పుస్తకం ఉంది. ఒక చిహ్నాన్ని ప్రమాణంలో చేర్చమని అడగడానికి ఇంతకన్నా గట్టి ఆధారం అక్కరలేదు.

చిహ్నం దేనికి అంటుకుంటుంది

ఇక్కడ మ్యూజ్‌స్కోర్‌ను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం అది ఉచితం, ఓపెన్ సోర్స్, పాత కంప్యూటరున్న బడిలోనైనా లైసెన్సు బెడద లేకుండా పెట్టుకోవచ్చు. జర్మనీకి చెందిన వెర్నర్ ష్వీర్ 2002లో దీన్ని మొదలుపెట్టారు. నాలుగో వెర్షన్ 2022 డిసెంబరులో వచ్చింది.

తెరకు ఎడమవైపు పాలెట్లు ఉంటాయి: క్లెఫ్‌లు ఒకచోట, తాళపు గుర్తులు ఒకచోట, ఉచ్చారణ గుర్తులు ఒకచోట. స్వరాన్ని క్లిక్ చేసి ఎంచుకుని, పాలెట్‌లో గుర్తును క్లిక్ చేస్తే అది ఆ స్వరానికి అంటుకుంటుంది. గుర్తును లాక్కెళ్లి వదలడమూ కుదురుతుంది, కానీ ఎంచుకుని క్లిక్ చేయడమే నిక్కచ్చి పద్ధతి. పక్క స్వరం మీద పడే ప్రమాదం ఉండదు. పాలెట్‌లో కనబడని గుర్తు కావాలంటే షిఫ్ట్, ఎఫ్9 కలిపి నొక్కితే మాస్టర్ పాలెట్ తెరుచుకుంటుంది. అక్కడ స్మఫుల్ చిహ్నాలన్నీ ఉంటాయి, పేరుతో వెతకవచ్చు.

అన్ని గుర్తులూ ఒకేలా అంటుకోవు. షార్ప్, ఫ్లాట్, వేలి అంకె వంటివి నోటు తలను పట్టుకుంటాయి. నడక, బిగ్గరతనం, మామూలు పాఠ్యం కాల స్థానాన్ని పట్టుకుంటాయి. జారు గీత, స్లర్, ట్రిల్ గీత వంటివాటికి మొదలూ చివరా కావాలి: మొదటి స్వరం ఎంచుకుని, షిఫ్ట్ పట్టుకుని చివరి స్వరం క్లిక్ చేసి, ఆ తర్వాత పాలెట్‌లో గీతను క్లిక్ చేయాలి. క్లెఫ్, కీ సిగ్నేచర్ వంటివి స్టాఫ్‌కంతా వర్తిస్తాయి. ఈ వర్గీకరణ ఒంటబట్టకపోతే ఎంత చేసినా గుర్తు చెప్పిన చోట నిలవదు.

సవరణకు కుడివైపునో ఎడమవైపునో తెరుచుకునే ప్రాపర్టీస్ పట్టిక ఆధారం. ఎఫ్8 నొక్కితే వస్తుంది. రంగు, పరిమాణం, స్థానం, వినిపించాలా వద్దా అన్నవన్నీ అక్కడ ఉంటాయి. ఎక్స్ నొక్కితే గుర్తు స్వరం పైనుంచి కిందికి, కిందినుంచి పైకి మారుతుంది. వి నొక్కితే అచ్చులో కనబడకుండా పోతుంది, ఫైలులో మాత్రం ఉంటుంది. బాణపు మీటలతో కొద్దికొద్దిగా జరపవచ్చు. జరిపింది బాగోలేకపోతే కంట్రోల్, ఆర్ నొక్కితే అసలు చోటికి వస్తుంది. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఒక స్వరానికి పెట్టిన పాఠ్యాన్ని మౌస్‌తో లాగి మరో స్వరం కిందికి తెస్తారు. కంటికి సరిగ్గా ఉంటుంది. వరుస విరిగి ఆ రెండో స్వరం కింది పంక్తిలోకి వెళ్లినప్పుడు పాఠ్యం మాత్రం పాత స్వరాన్నే పట్టుకుని పై పంక్తి చివర వేలాడుతుంది. ఎక్కడ ఉండాలో ఆ స్వరాన్ని ఎంచుకుని కొత్తగా పెట్టడమే దీనికి మందు.

కర్ణాటక సంగీతానికి వెంటనే అక్కరకొచ్చేది సొంత కీ సిగ్నేచర్ తయారీ. తొలి పాఠాల రాగమైన మాయామాళవగౌళను షడ్జం సి దగ్గర పెట్టుకుంటే రిషభం డి ఫ్లాట్, ధైవతం ఏ ఫ్లాట్; మిగిలినవన్నీ తెల్ల మెట్లే. పాశ్చాత్యుల మామూలు కీ సిగ్నేచర్లలో ఈ రెండు ఫ్లాట్ల జత దొరకదు. మాస్టర్ పాలెట్‌లోని కీ సిగ్నేచర్ల విభాగంలో ఖాళీ స్టాఫ్ మీద డి చోట ఒక ఫ్లాట్, ఏ చోట ఒక ఫ్లాట్ పెట్టి చేర్చుకుంటే మాయామాళవగౌళ కీ సిగ్నేచర్ సొంత పాలెట్‌లో నిలిచిపోతుంది. ఆ పైన సరళీ స్వరాలకు ఒక్కొక్క స్వరం పక్కన ఫ్లాట్ పెట్టే శ్రమ ఉండదు. షడ్జం మార్చినప్పుడు మాత్రం సొంతంగా చేసిన కీ సిగ్నేచర్ సరిగ్గా మారిందో లేదో చూసుకోవాలి. తాళం విషయంలోనూ ఇంతే. ఆదితాళాన్ని నాలుగు నాలుగు దెబ్బల రెండు బార్లుగా విడదీసేవారున్నారు. లఘువు, రెండు ద్రుతాలు కనబడేలా 4+2+2 అని రాసే తాళ గుర్తును మాస్టర్ పాలెట్‌లోనే తయారుచేసుకోవచ్చు. మిశ్రచాపుకు 3+4.

సాహిత్యం, స్వరాక్షరం, చుక్క

పాట మాటలు చేర్చడానికి మొదటి స్వరం ఎంచుకుని కంట్రోల్, ఎల్ నొక్కాలి. ఒక అక్షరం టైపు చేసి స్పేస్ నొక్కితే తర్వాతి స్వరానికి, అదే మాటలోని తర్వాతి అక్షరానికైతే హైఫన్ నొక్కి వెళ్లాలి. ఒకే అచ్చును సాగదీస్తే అండర్‌స్కోర్. ఫొనెటిక్ కీబోర్డులు కొన్ని స్పేస్ నొక్కగానే ఇంగ్లీషు అక్షరాలను తెలుగు చేస్తాయి. ఆ స్పేస్ మ్యూజ్‌స్కోర్ దాకా చేరదు, కర్సర్ అక్కడే ఉండిపోతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో ఈ ఇబ్బంది రాదు. సంయుక్తాక్షరాల దగ్గర ‘భక్త’ను ‘భ’, ‘క్త’ అని విడదీయాలి. పాడేటప్పుడు కకారం మొదటి అక్షరంతో పలుకుతుంది కదా అని ‘భక్’, ‘త’ అని విడదీస్తే వత్తు పోయి, తెలుగు చదివే కన్ను తడబడుతుంది. సాహిత్యపు శైలిలో ఫాంటును నోటో సెరిఫ్ తెలుగు, మండలి వంటి యూనికోడ్ ఫాంటుగా ముందే నిర్ణయించి పెట్టాలి. లేకపోతే మ్యూజ్‌స్కోర్ సొంత ఫాంటులో తెలుగు లేక, ప్రతి కంప్యూటరూ తన దగ్గరున్న ఏదో ఒక తెలుగు ఫాంటును తెచ్చి పెడుతుంది, వరుసల పొడవు మారిపోతుంది.

తెలుగు స్వరాక్షరాలతో రాసేవారికి లిపి ఒక సౌలభ్యం ఇస్తుంది. హ్రస్వమైతే స రి గ మ, దీర్ఘమైతే సా రీ గా మా. కాలం అక్షరంలోనే ఉంది. కామా ఒక అక్షరకాలం, సెమికోలన్ రెండు. రెండో కాలానికి అక్షరాల మీద ఒక గీత, మూడో కాలానికి రెండు. ఇవన్నీ ఏ వర్డ్ ప్రాసెసర్‌లోనైనా కుదురుతాయి. చిక్కంతా స్థాయి చుక్కతో వస్తుంది.

తారస్థాయికి స్వరాక్షరం మీద చుక్క, మంద్రస్థాయికి కింద చుక్క. యూనికోడ్‌లో ఏ అక్షరం మీదైనా కూర్చోగల పై చుక్కకు 0307, కింది చుక్కకు 0323 సంఖ్యలున్నాయి. సిద్ధాంతప్రకారం ‘స’ తర్వాత 0307 టైపు చేస్తే చాలు. ఆచరణలో, వాడుతున్న తెలుగు ఫాంటులో ఆ చుక్క, దాన్ని నిలబెట్టే కొలతలు ఉంటేనే అది అక్షరం మీద నిలుస్తుంది. లేకపోతే ప్రోగ్రాము చుక్కను వేరే ఫాంటు నుంచి తెస్తుంది. అప్పుడు చుక్క పక్కకు జరగడమో, చుక్కల వలయం ఒకటి ప్రత్యక్షం కావడమో జరుగుతుంది. ‘స’, ‘గ’, ‘మ’, ‘ప’, ‘ద’ అక్షరాల పైన తలకట్టుంది. ‘రి’, ‘ని’ల మీద గుడి ఉంది, దీర్ఘమైతే గుడి దీర్ఘం. చుక్క ఆ గుడిని దాటి ఇంకా పైకి వెళ్లాలి. రెండో కాలపు గీత ఉంటే చుక్క, గుడి, గీత మూడూ ఒకే జాగా కోసం పోటీపడతాయి. సీసపు అక్షరాలు పేర్చిన కంపోజిటర్ ఈ మూడింటికీ చోటు చేసి అచ్చువేశాడు. నేటి ఫాంటు రూపకర్త కూడా తారస్థాయి ‘రీ’ని మనసులో పెట్టుకుని కొలతలు వేయవలసి ఉంటుంది.

దగ్గరి దారిగా కొందరు 0సి04 సంఖ్యలోని గుర్తును వాడాలనుకోవచ్చు. 2018లో యూనికోడ్‌కు చేరిన ఆ గుర్తు అక్షరం పైన కూర్చుంటుంది. కానీ అది పాత ప్రాకృత గ్రంథాల తెలుగు ప్రతుల్లోని అనుస్వారం. దాన్ని స్థాయి చుక్కగా వాడితే వెతుకులాటలో, శబ్దంగా చదివించే ప్రోగ్రాముల్లో ‘స’ కాస్తా ‘సం’ అవుతుంది. చూపుకు సరిపోయిన గుర్తు అర్థంలో దారితప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

చుక్క కుదరని చోట స్టాఫ్ మీద రాసి, కింద సాహిత్యపు రెండో వరుసగా స్వరాక్షరాలను పెట్టుకోవడం మేలైన మధ్యేమార్గం. స్థాయి స్టాఫ్ మీద కనబడుతూనే ఉంటుంది కాబట్టి అక్షరానికి చుక్క అవసరం తప్పుతుంది.

గమకాలను చేర్చడం

ప్రదర్శినిలోని గమకాలను స్టాఫ్ మీదికి తెచ్చేటప్పుడు ఒక్కొక్కదానికీ తగిన వర్గం వెతకాలి. ఏట్రజారు, ఇరక్కజారులకు గ్లిసాండో గీత సరిపోతుంది. రెండు స్వరాల మధ్య కట్టి ఉంటుంది కనుక స్వరం మారితే గీత వాలు దానంతటదే మారుతుంది. ప్రాపర్టీస్‌లో దాని వాదన శైలిని పోర్టమెంటోగా పెట్టాలి. లేకపోతే కంప్యూటర్ మధ్యనున్న మెట్లన్నీ వరుసగా టకటకా వాయించి జారు అందం చెడగొడుతుంది. కంపితానికి అలల గీత చూపుకు సరిపోతుంది. ట్రిల్ గీతగా పెడితే మాత్రం పాశ్చాత్య ట్రిల్‌లా పక్క స్వరాన్ని కొట్టి వినిపిస్తుంది, తోడి గాంధారపు ఊపుకు దానితో పోలికే లేదు. అక్కడ వాదనను ఆపేయడం మంచిది. కంప్యూటర్ వినిపించే తప్పుడు గమకం విద్యార్థి చెవిలో పడడం కన్నా, గుర్తు మాత్రం ఉండి ఊపు గురువు నోట వినడం ఎన్నో రెట్లు నయం.

స్ఫురితం, ప్రత్యాహతం, రవ, ఖండింపు వంటివాటికి మాస్టర్ పాలెట్‌లోని చిహ్నాల్లో రూపం కలిసినదాన్ని ఎంచుకుని స్వరానికి పెట్టవచ్చు. అలా పెట్టినవి స్వరానికి అంటుకుని దానితోపాటు కదులుతాయి, వినబడవు. ఒకసారి పరిమాణం, స్థానం సరిచేసుకున్నాక కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని దాన్ని సొంత పాలెట్‌లోకి లాగితే తర్వాత ఒక్క క్లిక్కుతో పడుతుంది. ఆ పాలెట్‌ను ఫైలుగా దాచి మరొకరికి ఇవ్వవచ్చు. ఒక సంగీత కళాశాలలో అందరూ ఒకే గమక పాలెట్ వాడితే గుర్తుల్లో పొంతన కుదురుతుంది.

హాన్-వెన్ నీన్‌హాయిస్, యాన్ న్యూవెన్‌హాయిజెన్ 1996లో మొదలుపెట్టిన లిలీపాండ్ ఈ పనికి ఇంకా అనువైనది. అందులో తెర మీద గుర్తులు పెట్టడం ఉండదు. స్వరాలను పాఠ్యంగా టైపు చేస్తే ప్రోగ్రాము స్కోరు గీస్తుంది. ‘నొక్కు’ గమకానికి ఒక పేరు పెట్టి, దాని రూపం ఒకసారి నిర్వచించి, కావలసిన ప్రతి స్వరం తర్వాత ఆ పేరు రాస్తే చాలు. వంద పుటల తర్వాత రూపం నచ్చక మార్చాలనిపిస్తే ఒక్కచోట మారిస్తే అంతటా మారుతుంది. నేర్చుకోవడం కష్టమే. ప్రదర్శిని వంటి గ్రంథాన్ని మొత్తంగా కంప్యూటర్‌లోకి తేవాలనుకునే బృందం పెట్టవలసిన శ్రమ మాత్రం ఇదే.

దోమ, తాండూరు పాటకు

ఇప్పటిదాకా చెప్పింది కృతుల సంగతి; ఊరి పాటకు ఉదాహరణగా వికారాబాద్ జిల్లాను తీసుకుందాం. ఆ జిల్లాలోని దోమ మండలం, పరిగి, తాండూరు ప్రాంతాల్లో పాట గురువు నోట కన్నా ఊరి నోట నిలిచింది. బతుకమ్మ, బోనాలు, భజన, కోలాటం, పెళ్లి ఊరేగింపు డప్పు. తాండూరు దాటితే కర్ణాటక. మాటలో, పాటలో సరిహద్దు ఛాయలు వినబడతాయి. ఇలాంటి పాటను నొటేషన్‌లో పెట్టదలచిన ఉపాధ్యాయుడికో పరిశోధకుడికో కృతి రాసినప్పటి గుర్తులు చాలవు.

డప్పుతో మొదలుపెట్టడం మంచిది. కుడిచేతి సిర్ర, ఎడమచేతి సిటికెన పుల్ల రెండూ ఒకే చర్మం మీద రెండు రకాల ధ్వనులిస్తాయి. మంట దగ్గర కాచినకొద్దీ డప్పు శ్రుతి మారుతుంది కాబట్టి ఎత్తు రాయడంలో అర్థం లేదు. ఏ పుల్ల, ఎంత బలం, ఎప్పుడు అన్నవే రాయాలి. మ్యూజ్‌స్కోర్‌లో ఒంటి గీత స్టాఫ్ తీసుకుని, డ్రమ్‌సెట్ సవరణ పట్టికలో సిర్ర దెబ్బకు మామూలు నల్లటి తల గీత మీద, పుల్ల దెబ్బకు అడ్డ గుర్తు తల గీత పైన అని నిర్ణయించాలి. రెంటికీ చెరో మీట కేటాయిస్తే దరువు విన్న వేగంతోనే టైపు చేయవచ్చు. రెండు పుల్లలూ ఒకేసారి పడే చోట రెండు తలలూ ఒకే కాడ మీద కూర్చుంటాయి. గట్టి దెబ్బకు యాక్సెంట్ గుర్తు. షిఫ్ట్, వి నొక్కితే పడుతుంది. పట్టికలో ఉన్న శబ్దాలేవీ డప్పులా మోగవు. నిజమైన డప్పు శబ్దాలతో సౌండ్‌ఫాంట్ తయారుచేసుకుంటే వినిపించేదీ డప్పే అవుతుంది.

బతుకమ్మ పాటకు వరుస చిన్నది, చరణాలు పొడవు. రెండు పంక్తుల వరుసను ఒకసారి రాసి, రిపీట్ గుర్తులు పెట్టి, సాహిత్యాన్ని ఒకదాని కింద ఒకటిగా చరణాల వరుసలో చేర్చాలి. చరణం చరణానికీ అక్షరాల సంఖ్య మారుతుంది; ఎక్కువ అక్షరాలొచ్చిన చోట చిన్న తలల స్వరాలు పక్కన పెట్టి ‘రెండో చరణానికి’ అని రాయవచ్చు. ముందు ఒకరు పాడి తర్వాత అందరూ అందుకునే చోట స్టాఫ్ పాఠ్యంగా ‘ఒకరు’, ‘అందరు’ అని పెడితే చాలు. చప్పట్లకు కింద వేరే ఒంటి గీత స్టాఫ్. చప్పట్లనూ పాటనూ ఒకే స్టాఫ్‌లో ఇరికిస్తే తిరిగే అడుగుకూ పాట నడకకూ ఉన్న సంబంధం చదివేవారికి అందదు.

ఊరి గొంతులో స్వరం హార్మోనియం మెట్టు మీద ఆగదు. కొంచెం ఎక్కువగానో తక్కువగానో పలికిన చోట బాణం గుర్తున్న షార్ప్, ఫ్లాట్, నాచురల్‌లను వాడవచ్చు. ఎంత తేడా అన్నది కొలిచి ఉంటే స్వరం ప్రాపర్టీస్‌లో ట్యూనింగ్‌ను సెంట్లలో (అర్ధస్వరంలో నూరో వంతుల్లో) ఇవ్వవచ్చు. అచ్చులో బాణం కనబడుతుంది, వినబడేది అసలు ఎత్తు. రికార్డింగును నొటేషన్ పక్కనే భద్రపరచడం తప్పనిసరి. రాసినవారి చెవి ఎలా విన్నదో మరొకరు సరిచూడడానికి అదొక్కటే ఆధారం.

ఫైలు మార్పిడి

1988 నుంచి వృత్తి నిపుణులు వాడుతూ వచ్చిన ఫినాలే సాఫ్ట్‌వేర్ అభివృద్ధిని నిలిపేస్తున్నట్టు మేక్‌మ్యూజిక్ సంస్థ 2024 ఆగస్టులో ప్రకటించింది. దశాబ్దాల స్కోర్లు ఆ ఒక్క ప్రోగ్రాముకే అర్థమయ్యే ఫైళ్లలో ఉన్నవారికి అది పెద్ద దెబ్బ. వారికి మిగిలిన వంతెన మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్. మైకేల్ గుడ్ రూపొందించిన ఈ మార్పిడి పద్ధతి తొలి వెర్షన్ 2004లో వచ్చింది. ప్రధాన ప్రోగ్రాములన్నీ దీన్ని చదువుతాయి, రాస్తాయి.

ఇందులో స్వరం, కాలం, సాహిత్యం, సాధారణ గుర్తులు చెక్కుచెదరకుండా వెళతాయి. పేరున్న వర్గంలో చేరని చిహ్నాలే దారిలో రాలిపోతాయి. 2017లో వచ్చిన 3.1 వెర్షన్ వీటికోసం ‘ఇతర అలంకారం’, ‘ఇతర ఉచ్చారణ’ వంటి వర్గాల్లో స్మఫుల్ పేరు రాసే వీలు కల్పించింది. అంటే స్మఫుల్ చిహ్నంతో, స్వరానికి అంటుకున్న అలంకారంగా గమకాన్ని రాస్తే అది మరో ప్రోగ్రాములోకి గమకంగానే చేరే అవకాశం ఉంది. బొమ్మ ఫైలుగా అతికించిందీ, పాఠ్యపు అక్షరంగా టైపు చేసి మౌస్‌తో జరిపిందీ చేరవు, చేరినా చోటు తప్పుతాయి. పని మొదలుపెట్టేముందే ప్రతి గమక చిహ్నం ఒక్కొక్కసారి, తారస్థాయి రి, ని, సంయుక్తాక్షరం ఉన్న సాహిత్యం, తాళ గుర్తు, డప్పు తలలు రెండూ వచ్చేలా నాలుగు బార్ల నమూనా ఒకటి రాసుకుని, దాన్ని మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్‌గా మార్చి మరో ప్రోగ్రాములో తెరిచి చూడాలి. రాలిపోయినవి ఏవో అక్కడే తెలుస్తాయి. వాటికి వేరే వర్గం వెతికిన తర్వాతే అసలు స్కోరు మొదలుపెట్టాలి. అచ్చుకు పీడీఎఫ్, దిద్దుబాటుకు ప్రోగ్రాము సొంత ఫైలు, భవిష్యత్తుకు మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ అని మూడు ప్రతులు ఉంచుకోవడం స్కోర్లు భద్రపరిచే చోట్ల వాడుకలో ఉన్న పద్ధతి.